గెడ్ చేయని యుద్ధం

అందరికీ నమస్కారం.

ఈ పుస్తకానికి అట్ట లేదు. నా చేతికి వచ్చినప్పుడే లేదు. మొదట్లో నాలుగైదు కాగితాలు కూడా ఊడిపోయి ఉండేవి. నాకు పన్నెండేళ్లప్పుడు ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల కట్టలో ఇది దొరికింది. రాసిందెవరో తెలియకుండానే మొదలుపెట్టేశాను, ఒక పిల్లవాడు మేకల్ని పిలిచే చోటు నుంచి. ఇప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఇళ్లు మారాను, చాలా పుస్తకాలు పోగొట్టుకున్నాను. ఇది మాత్రం నా వెంటే ఉంది. ఈరోజు మాట్లాడాలి అనగానే దీన్ని సంచిలో పెట్టుకుని వచ్చాను. ఎందుకు తెచ్చానో కాసేపాగి చెప్తాను.

పుస్తకం పేరు తర్వాతెప్పుడో తెలిసింది. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. రాసినావిడ ఉర్సులా కె. లె గ్విన్, అమెరికన్ రచయిత్రి. 1968లో బర్క్‌లీలోని పర్నాసస్ ప్రెస్ అనే చిన్న సంస్థ దీన్ని వేసింది. కాస్త పెద్ద పిల్లల కోసం ఏదైనా రాసి ఇమ్మని ప్రచురణకర్త అడిగితే, ఆవిడకు ఒక సందేహం వచ్చిందట. కథల్లో మంత్రగాళ్లందరూ తెల్లగడ్డాల ముసలివాళ్లే. వాళ్లూ ఒకప్పుడు కుర్రాళ్లే కదా, అప్పుడెలా ఉండేవాళ్లు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఆ సందేహంలోంచి పుట్టిన నవల ఇది.

దీని గురించి మాట్లాడాలంటే చివర ఏమవుతుందో చెప్పక తప్పదు. చదవనివాళ్లు నన్ను క్షమించాలి. చివర తెలిసిపోయినంత మాత్రాన పాడయ్యే పుస్తకం కాదిది, ఆ భరోసా నాది.

ఎర్త్‌సీ అంటే సముద్రం నిండా దీవులున్న లోకం. గాంట్ అనే కొండ దీవిలో ఒక కంచరి కొడుకు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. ఆ లోకంలో మనిషికైనా వస్తువుకైనా అందరూ పిలిచే పేరు ఒకటుంటే, అసలు పేరు ఇంకొకటి ఉంటుంది. అసలు పేరు తెలిసినవాడికి దాని మీద పట్టు చిక్కుతుంది. అందుకే ఎవరి అసలు పేరు వాళ్లు ప్రాణంలా దాచుకుంటారు. ఈ కుర్రాణ్ని అందరూ స్పారోహాక్ అంటారు, మన మాటలో డేగ అనుకోండి. అసలు పేరు గెడ్. పదమూడేళ్లు నిండిన రోజున, చల్లటి నీటిలో నడిపించి అవతలి ఒడ్డున ఓగియన్ అనే గురువు చెవిలో చెప్పిన పేరు అది. తర్వాత రోక్ దీవిలో మంత్రవిద్య నేర్పే బడికి వెళ్తాడు. అక్కడ తోటివాడు జాస్పర్ రెచ్చగొడితే పౌరుషానికి పోయి, ఎప్పుడో చనిపోయిన రాణి ఆత్మను పిలుస్తాడు. ఆ పిలుపుకు లోకానికే ఒక చీలిక పడుతుంది, అందులోంచి ఒక నల్లటి నీడ కూడా దూకి అతడి మొహం చీరేస్తుంది. ఆ చీలికను మూయడానికి బడి పెద్దాయన తన శక్తంతా ధారపోసి ప్రాణం విడుస్తాడు. అక్కణ్నుంచి ఆ నీడ గెడ్‌ను దీవి నుంచి దీవికి తరుముతుంది. సగం దాటాక కథ తిరగబడుతుంది. గెడ్డే దాన్ని తరుముతాడు. చివరికి మ్యాపులో దీవులన్నీ అయిపోయాక, సముద్రం మీద ఇద్దరూ ఎదురుపడతారు.

ఆ చివరి అధ్యాయం నాకెలా గుర్తుందో చెప్తాను. తుఫాను. గెడ్ పడవలో నిలబడి చేతికర్ర పైకెత్తుతాడు. నీడ మీద పడి నీళ్లలోకి లాగుతుంది. మెరుపుల మధ్య చాలాసేపు పెనుగులాట. ఇక పని అయిపోయింది అనుకున్నప్పుడు గెడ్ దాని పేరు అరుస్తాడు, అది పొగలా చెదిరిపోతుంది. ముప్పై ఏళ్లు ఇదే నా కళ్ల ముందు ఆడింది. ఆ అలల రంగు కూడా చెప్పగలను.

మూడేళ్ల కిందట మా అమ్మాయికి ఈ పుస్తకం చదివి వినిపించడం మొదలుపెట్టాను. దానికప్పుడు తొమ్మిదేళ్లు. రాత్రిపూట రోజుకు నాలుగైదు పేజీలు, ఇంగ్లీషు చూస్తూ నోటితో తెలుగు చెప్తూ. మధ్య ఏళ్లలో నేను దీన్ని తెరవకపోలేదు. మనసు బాగోనప్పుడు మేకల పేజీ, పొగమంచు పేజీ, డ్రాగన్‌తో బేరమాడే పేజీ తీసి చదువుకునేదాన్ని. చివరి అధ్యాయం జోలికి మాత్రం వెళ్లలేదు. తెలిసిందే కదా అని.

చదివి వినిపించేటప్పుడు దాటవేయడానికి ఉండదు. పక్కన ఒక మనిషి వింటోంది. పైగా ఏ మాటకు ఏ తెలుగు మాట వాడాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. నీడ బయటికి దూకే పేజీ దగ్గర "నల్లటి నీడ" అన్నాను. మా అమ్మాయి ఆపింది. "నీడ మంచిదే కదమ్మా, ఎండలో వెతుక్కుని మరీ నిలబడతాం" అంది. నిజమే. నీడపట్టున ఉండటం అంటాం, చెట్టు నీడ అంటాం, తలదాచుకోను ఇంత నీడ అంటాం. నీడలా వెంటాడింది అనేదీ ఆ మాటతోనే, నీడలా తోడున్నాడు అనేదీ ఆ మాటతోనే. ఛాయ అందామా, చీకటి రూపం అందామా అని కాసేపు ఆలోచించాను. చివరికి నీడ అనే ఉంచేశాను. అలా ఉంచినందుకు చివర్లో నాకు చాలా మేలు జరిగింది.

చివరి అధ్యాయం వచ్చిన రాత్రి "యుద్ధం వస్తోంది, జాగ్రత్తగా విను" అన్నాను. గొంతు కూడా మార్చి మొదలుపెట్టాను. యుద్ధం రాలేదు.

అక్కడ ఉన్నది ఇది. తుఫాను లేదు. అలలు ఆగిపోతాయి, సముద్రం ఇసుకలా గట్టిపడుతుంది. గెడ్ పడవ దిగి ఆ ఇసుక మీద నడుచుకుంటూ వెళ్తాడు, చేతికర్ర కొసన వెలుగు. అవతలి నుంచి నీడ వస్తుంది. వచ్చేకొద్దీ మొహాలు మారుస్తుంది. ఒకసారి అతడి తండ్రి, ఒకసారి జాస్పర్, ఒకసారి పెచ్‌వారీ అనే పాత స్నేహితుడు. దగ్గరయ్యేకొద్దీ కుంచించుకుపోయి, పొట్టి కాళ్ల మీద ఇసుకలో పాకుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఆగుతారు. గెడ్ దాని పేరు పలుకుతాడు. అదే క్షణంలో, నోరూ నాలుకా లేని ఆ నీడ కూడా అదే పేరు పలుకుతుంది. గెడ్. ఇద్దరిదీ ఒకటే పేరు. గెడ్ కర్ర వదిలేసి, రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకుంటాడు.

అంతే. నా కాపీలో రెండు పేజీలు కూడా లేదు.

నేను చదవడం ఆపేసి పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాను. ఏదో కాగితం ఊడిపోయిందేమో అని అంకెలు చూశాను. అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి "యుద్ధం ఏదీ?" అని అడుగుతుందనుకున్నాను. అది అడగలేదు. కాసేపాగి, "పాపం, ఆ నీడ కూడా అన్నాళ్లూ ఒక్కతే ఉంది కదమ్మా" అంది. తొమ్మిదేళ్ల పిల్లకు మొదటిసారి వినగానే అందింది, ముప్పై ఏళ్లు ఈ పుస్తకాన్ని వెంటేసుకుని తిరిగిన నాకు అందలేదు. ఎండలో నిలబడ్డవాడు నీడ చేరినట్టుగా ఉంది, ఆ పేజీ తెలుగులో వింటే. ఆ మేలు గురించే నేను అన్నది.

ఒక్క సంగతి చెప్పాలి. ఆ పేజీలోనే నాలాంటివాడు ఇంకొకడున్నాడు. గెడ్ స్నేహితుడు వెచ్ పడవలోంచి దూరంగా చూస్తుంటాడు. కర్ర వెలుగు మసకబారడం చూసి, గెడ్ ఓడిపోయాడనే అనుకుంటాడు. సాయం చేయాలి, లేదా తనతో పాటు చావాలి అని ఇసుక మీదికి దూకుతాడు. అంత ప్రేమించినవాడు కూడా దూరం నుంచి తప్పుగానే చూశాడు. దీన్ని రచయిత్రి ఊరికే పెట్టలేదని నా నమ్మకం.

ఆ యుద్ధం నాకెక్కణ్నుంచి వచ్చింది? మర్నాడు పొద్దున కూర్చుని ఈ పుస్తకాన్ని వేరేలా చూశాను. దీన్ని ఇక్కడికి తెచ్చింది అందుకే. దీని నిండా పెన్సిల్ గీతలున్నాయి. పన్నెండేళ్లప్పుడు అర్థం తెలియని ప్రతి మాట కింద గీత గీసేదాన్ని, డిక్షనరీలో వెతికి పక్కన తెలుగులో రాసేదాన్ని. మొదటి అధ్యాయంలో లైనుకు రెండు గీతలున్నాయి. 'స్టాఫ్' అనే మాట కింద గీత ఉంది, నాకు తెలిసిన స్టాఫ్ టీచర్లు ఒక్కరే మరి. పక్కన 'చేతికర్ర' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'ఓటక్' కింద గీత ఉంది, పక్కన ఏమీ లేదు. గెడ్ జేబులో పెట్టుకుని తిరిగే చిన్న జంతువు అది, రచయిత్రి కల్పించింది. ఏ డిక్షనరీలో ఉంటుంది? ఇంగ్లీషు వాళ్ల దేశాల్లో ఉండే జంతువే అని చాలా ఏళ్లు నమ్మాను.

పేజీలు గడిచేకొద్దీ గీతలు పల్చబడతాయి. చివరి అధ్యాయంలో ఒక్కటీ లేదు. మాటలన్నీ తెలిసిపోయి కాదు, ఆగలేదు గనుక. టెన్షన్‌తో, ఏమవుతుందో ఏమవుతుందో అని పరుగెత్తాను. అర్థం కాని చోటల్లా నా దగ్గరున్న సరుకు వేసి పూడ్చుకున్నాను. పన్నెండేళ్ల పిల్ల దగ్గర ఉండే సరుకు ఏమిటి? చెడ్డది ఎదురైతే కొట్టాలి, కొడితే చావాలి. ఆ తుఫాను, ఆ మెరుపులు నేను వేసినవే. ఈ పుస్తకంలో ఆ పిల్ల ఇప్పటికీ అలాగే పరుగెత్తుతూ కనబడుతుంది. పాత ఫొటోల్లో కూడా నేనంత స్పష్టంగా కనబడను.

ఇది తెలిశాక మేకల పేజీ ఇంకోలా చదివాను. ఏడేళ్ల పిల్లవాడు, అప్పటికి అతడి పేరు డ్యూనీ, వాళ్ల పెద్దమ్మ ఒక మేకను ఏదో పాట పాడి పిలవడం వింటాడు. మర్నాడు కొండ మీద మేకల్ని చూసి అదే పాట గట్టిగా అరుస్తాడు. అర్థం తెలియదు. అవేం మాటలో కూడా తెలియదు. మేకలన్నీ చప్పుడు చేయకుండా వచ్చేస్తాయి, పసుపుపచ్చ కళ్లతో చూస్తూ. వాడికి సరదా పుట్టి మళ్లీ అరుస్తాడు. ఇంకా దగ్గరికొస్తాయి, ఒత్తుకుంటాయి. కొమ్ములు, బొచ్చు, ఆ వాసన. అప్పుడు భయమేస్తుంది. పరుగెత్తితే అవీ పరుగెత్తుతాయి, వాణ్ని వదలవు. పెద్దమ్మ వచ్చి విడిపించాల్సి వస్తుంది. తెలియని మాటలు నోట పలకడం, వాటి బలం ఒంటికి తగలడం, అవి వదలకపోవడం. ఆ పేజీ నాకెందుకు అంత ఇష్టమో నలభై దాటాక తెలిసింది. నేనూ అప్పుడు అదే పని చేస్తున్నాను.

నేను వేసుకున్న సరుకు సంగతి అది. తీసిపారేసిన సరుకు కూడా ఉంది, అది ఇంకా ఎక్కువ.

గెడ్ ఏ రంగువాడు? ఎవరైనా అడిగి ఉంటే తెల్లవాడు అని ఠక్కున చెప్పేదాన్ని. పుస్తకంలో స్పష్టంగా ఉంది, అతడిది రాగి కలిసిన గోధుమ రంగు. వెచ్ ఇంకా నల్లనివాడు. తెల్లటి చర్మం, పసుపు జుట్టు ఉన్నది మొదటి అధ్యాయంలో ఊరి మీద పడి దోచుకునే కార్గ్‌లకు. లె గ్విన్ కావాలనే అలా రాశారు. ముందే చాటింపు వేయకుండా, పాఠకులు అతణ్ని ప్రేమించాక మెల్లగా తెలిసేలా. చాలా ఏళ్లు ప్రచురణకర్తలు అట్టల మీద అతణ్ని తెల్లగానే వేయించారు. 2004లో టీవీ సిరీస్‌గా తీసినప్పుడూ తెల్ల నటుణ్నే పెట్టారు. ఆవిడ దాన్ని తప్పుబడుతూ వ్యాసం రాశారు. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత నా కాపీ గుర్తొచ్చింది. దీనికి అట్టే లేదు. ఎవరి మీదా నెపం వేయలేను. నా రంగులోనే ఉన్న పిల్లవాణ్ని నేనే తెల్లగా మార్చుకున్నాను, ఇంగ్లీషు పుస్తకంలో నాయకుడు ఇంకోలా ఉంటాడని తోచక. ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు.

ఆ తర్వాత మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "ఆ బడిలో అమ్మాయిలు లేరా?" లేరు. గాంట్ దీవిలో ఒక సామెత కూడా ఉంది, ఆడవాళ్ల మంత్రమంత బలహీనం అని, ఆడవాళ్ల మంత్రమంత పాపిష్టిది అని. పన్నెండేళ్లప్పుడు నేను గెడ్‌నే అయిపోయాను కాబట్టి ఆ తలుపు నాకు మూసి ఉన్నట్టే తెలియలేదు. కానీ రాసినావిడకు తెలిసింది. 1972లో మూడో పుస్తకంతో ఆపేసినదాన్ని, పద్దెనిమిదేళ్ల తర్వాత, 1990లో 'తెహాను'తో మళ్లీ తెరిచారు. అందులో కథ నడిపేది నడివయసు దాటిన ఒక వితంతువు, ఒళ్లు కాలిన ఒక చిన్నపిల్ల. గెడ్ శక్తులన్నీ పోయి ఇంటికొస్తాడు. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో ఆవిడ తన తొలి పుస్తకాలను తానే తిరిగి చదువుకుని, నాయకుడంటే మగవాడే అనే అచ్చులో తానెలా రాసుకుపోయారో విప్పి చెప్పారు. తాను రాసినదాన్ని అంత నిజాయితీగా తిరగేసి చూసుకున్న రచయితలంటే నాకు గౌరవం. ఆవిడ మొదటి పుస్తకాన్ని దిద్దలేదు, కొట్టేయలేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకొకటి రాశారు.

వాన సంగతి కూడా చెప్పి తీరాలి, నాకిప్పుడు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అది. ఓగియన్‌తో గెడ్ కొండదారిలో నడుస్తుంటాడు. వాన మొదలవుతుంది. ఏ చిల్లర మంత్రగాడైనా ఒక్క మాటతో మబ్బును పక్కకు తోసేస్తాడు. ఓగియన్ తోయడు. దట్టమైన చెట్టు చూసుకుని దాని కింద పడుకుంటాడు. గెడ్ నీళ్లు కారే పొదల్లో ముడుచుకుని, వాడుకోనప్పుడు ఇంత శక్తి ఎందుకు అని సణుక్కుంటాడు. పన్నెండేళ్లప్పుడు నేను పూర్తిగా గెడ్ పక్షమే. నా మార్జిన్‌లో ఆ పేజీ పక్కన ఒక పెద్ద ప్రశ్నార్థకం ఉంది. అదే ప్రయాణంలో దారి పక్కన మొక్కను చూపించి దాని ఉపయోగం ఏమిటని అడుగుతాడు గెడ్. దాన్ని అన్ని రుతువుల్లో, వేరూ ఆకూ పువ్వూ గింజా చూసి తెలుసుకున్నాకే దాని అసలు పేరు నేర్చుకోగలవు, అది ఉపయోగం కన్నా పెద్ద సంగతి అంటాడు ఓగియన్. నీ ఉపయోగం ఏమిటి, నా ఉపయోగం ఏమిటి అని కూడా అడుగుతాడు. నీడ తరుముతున్నప్పుడు వెనక్కి తిరుగు అని చెప్పేది కూడా ఈయనే. ఆ మాటను నేను యుద్ధానికి బూరగా విన్నాను. వానలో తడుస్తూ పడుకున్న మనిషి చెప్పిన మాటగా వింటే, వెనక్కి తిరగడమంటే కొట్టడానికి కాదని అప్పుడే తెలిసేది.

ఇంకొక్క చోటు. పడవ పగిలి గెడ్ ఒక ఇసుక దిబ్బకు కొట్టుకొస్తాడు. అక్కడ ఒక ముసలివాడు, ముసలమ్మ, అన్నాచెల్లెళ్లు. చిన్నప్పుడే ఎవరో వదిలేసి పోయిన రాజు బిడ్డలు, వేరే మనుషులను చూసి ఎన్నేళ్లయిందో. ఆయన భయంతో దగ్గరికి రాడు. ఆమెకు కొద్దికొద్దిగా భయం తీరుతుంది. ఒకరోజు దాచుకున్న మూట విప్పి ఒక చిన్నపిల్ల గౌను చూపిస్తుంది, ముత్యాలు కుట్టిన పట్టు గౌను, తనదే. ఒక విరిగిన ఉంగరం ముక్క కూడా గెడ్ చేతిలో పెడుతుంది. అతడికి దాని విలువ తెలియదు. వెళ్లేముందు అతడు వాళ్ల ఉప్పునీటి ఊటను మంత్రంతో మంచినీరు చేస్తాడు. ఆ ఊట మళ్లీ ఎండలేదని, నావికులు ఆ దిబ్బను ఊట పేరుతోనే పిలుస్తారని, ఆ గుడిసె మాత్రం ఇప్పుడు లేదని రాసి ఉంటుంది. ఆ పేజీల్లో నా పెన్సిల్ గీత ఒక్కటి కూడా లేదు. తరిమే కథకు అడ్డు అని దూకేసి ఉంటాను.

చదివి వినిపించినప్పుడు మా అమ్మాయి "ఆ అవ్వ పేరేంటి?" అంది. వెతికాను. పేరు లేదు. రాయికీ గడ్డికీ పేరుండే పుస్తకంలో ఆమెకు లేదు. "ఎవరూ చెప్పలేదు" అన్నాను. అది ఊరుకుంది.

ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. ఈ ఏడాది రెండో పుస్తకం, 1971 నాటి 'ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్', సొంతంగా చదువుకుంది. ఆ విరిగిన ఉంగరం రెండో ముక్క అందులో ఉంది. నేను వంటింట్లో ఉంటే పరుగెత్తుకొచ్చింది, వేలు పేజీలో పెట్టుకుని. "అమ్మా, ఇసుక దిబ్బ అవ్వకు పేరుందే! ఆంథిల్!"

నేను చేతులు తుడుచుకుని వెళ్లి ఈ పుస్తకం తీశాను. ఆ అవ్వ మూట విప్పి గౌను చూపించే పేజీ వెతికి, మా అమ్మాయి పెన్సిల్ అడిగి తీసుకుని, మార్జిన్‌లో ఆ పేరు రాశాను.